పెళ్లికార్డు ప్యాకింగు

పాత మోటారు సైకిళ్లకి ఇంజను ఆయిల్ కారడం సహజమేనని ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు అంటున్నారు. కారడం ఆగిందంటే లోపల ఆయిల్ అయిపోయినట్టేనని హాస్యాలు కూడా ఆడుతున్నారు. నలభై ఏళ్లు అమలాపురంలో ఆ బండ్ల పక్కన పీట వేసుకుని కూర్చున్నవాణ్ని. నాకు ఆ హాస్యం నచ్చదు. ఇంజను ముక్కలు రెండు కలిసేచోట ముఖాలు చదునుగా ఉండి, మధ్యన సరైన ప్యాకింగు పడి, బోల్టులు సమంగా బిగిస్తే చుక్క బయటికి రాదు. కారుతోందంటే ఎవరో ఎక్కడో పని సగం చేసి వదిలేశారు.

అలా సగం చేసి వదిలేసినవాణ్ని నేనే అయిన సంగతి ఒకటి ఉంది. నా తప్పుకి సత్తిబాబు అనే మంచి మెకానిక్కు ముప్ఫై ఏళ్లకి పైగా నింద మోశాడు. ఆ నింద అతని మీద వేసినవాణ్ని కూడా నేనే. కిందటేడు మెకానిక్కుల సంఘం వాళ్లు పాతవాళ్లందరినీ పిలిచి శాలువాలు కప్పారు, నన్ను పిలవలేదు. ఆ ఉక్రోషంతో ఏవో రాస్తున్నాడని అనేవాళ్లు అంటారు. ఉక్రోషం ఉంది. దాచుకోను. కానీ ఇది దాని గురించి కాదు.

ఆ తప్పు జరిగిన బండి కంపెనీ పేరు రాయను. ఇందులో కంపెనీ తప్పేమీ లేదు.

తడి ఎక్కడ పుట్టిందో చూడాలి

మేము పని నేర్చుకున్నది అప్పారావు మేస్త్రి గారి దగ్గర. ఆయిల్ కారుతోందని బండి వస్తే ఆయన ముందు పానా పట్టనిచ్చేవారు కాదు. ఇంజనంతా కిరసనాయిలుతో కడిగించి, ఆరబెట్టించి, ముఖానికి రాసుకునే పౌడరు పల్చగా చల్లించేవారు. తర్వాత స్టార్టు చేసి ఎర్రవంతెన దాకా ఒకసారి తిప్పుకు రమ్మనేవారు. వచ్చాక పౌడరు ఎక్కడ మొదట తడిసిందో చూడాలి. కారిన ఆయిల్ గాలికి వెనక్కీ కిందికీ పాకుతుంది. కింద తడి కనబడింది కదా అని కింద విప్పేవాడు అన్యాయంగా విప్పినట్టే.

"తడిసిన చోటు కాదురా, తడి పుట్టిన చోటు చూడాలి," అనేవారు.

మంచి మేస్త్రి. నాకు అన్నం పెట్టిన విద్య ఆయన చెప్పిందే. కానీ మనిషికీ మనిషికీ తేడా చూపించేవారు. సత్తిబాబు, నేను ఒకే నెలలో పనిలో చేరాం. ఇద్దరికీ అప్పుడు ఇరవై నిండలేదు. రెండేళ్లు తిరిగేసరికి ఇంజను పైభాగం, అంటే హెడ్డు, వాల్వులు, సత్తిబాబుకి. కడగడం, కవర్లు విప్పడం, ప్యాకింగులు కోయడం నాకు. టీ వచ్చినా మొదటి గ్లాసు అతనికే వెళ్లేది. చిన్న విషయమే. ప్రతిరోజూ జరిగితే చిన్నది కాదు.

సత్తిబాబు మాత్రం ఆ గ్లాసు తీసుకుని నావైపు జరిపేవాడు. "నువ్వు తాగరా సుబ్బూ, నాకు వేడి పడదు," అనేవాడు. అది కూడా నాకు అవమానంగానే ఉండేది. అతని దయతో నాకేం పని?

ప్యాకింగులు

అప్పట్లో పాత బండ్లకి కంపెనీ ప్యాకింగులు దొరికేవి కావు. కాకినాడ వెళ్లినా కొలత కుదిరేది కాదు. మేమే కోసుకునేవాళ్లం. మందపాటి అట్ట కవరు అంచు మీద పరిచి, చిన్న సుత్తితో చుట్టూ మెల్లగా తడుతూ పోతే అంచు దగ్గర అట్ట తెగుతుంది. బోల్టు కన్నాల మీద పాత బేరింగు గుండు పెట్టి ఒక్క దెబ్బ వేస్తే గుండ్రంగా ఊడుతుంది. ఆయిల్ వెళ్లే సన్న కన్నానికి మాత్రం గుండు పట్టదు. అక్కడ మేకుతో గుచ్చి, బ్లేడుతో చుట్టూ శుభ్రం చేయాలి.

అట్టల్లోకెల్లా మంచిది పెళ్లికార్డు. ఆయిల్ తగిలినా ఉబ్బదు. అందుకని ముహూర్తాల రోజుల్లో వచ్చిన కార్డులన్నీ షాపులో ఒక డబ్బాలో దాచేవాళ్లం. మేస్త్రి గారు ఒక నియమం పెట్టారు. కార్డు డబ్బాలో వేసే ముందే దేవుడి బొమ్మ ఉన్న ముక్క చింపి గోడకున్న గూట్లో పెట్టాలి. గూడు నిండితే కాలవలో కలిపేవారు. దేవుడి బొమ్మని ఇంజనులో వేసి కాల్చకూడదనేవారు. మేమంతా అలాగే చేసేవాళ్లం.

జొన్నాడ వంతెన

కొత్తపేట నుంచి పశువుల డాక్టరు వీర్రాజు గారు బండి తెచ్చేవారు. పాత సింగిల్ సిలిండర్ బండి, వాళ్ల నాన్నగారిది. లంక గ్రామాల్లో ఏ గేదె ఈనలేకపోయినా ఆ బండి పడవెక్కి వెళ్లేది. నన్ను ఆయన పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. "ఆ రెండో కుర్రాడు" అనేవారు.

ఒక ఎండాకాలం ఆయన బండికి ఇంజను కుడిపక్క మూత, టైమింగ్ కవరు అంటాం, దాని దగ్గర ఆయిల్ కారుతోంది. మేస్త్రి గారు నన్ను చెయ్యమన్నారు. చేస్తుండగా వెనక నిలబడి చూసి, డాక్టరు గారు వింటుండగానే, "సత్తిబాబు చేసిన బండి నేల తడపదండి. వీడు చేస్తే కింద గోనె పరుచుకోవాలి," అన్నారు. అందరూ నవ్వారు. డాక్టరు గారు కూడా నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో ఎవరెవరున్నారో ఇవాళ్టికీ చెప్పగలను.

మంటగా ఉంది. కార్డుల డబ్బా కోసం ఆయన ముందు నుంచి నడిచి వెళ్లాలనిపించలేదు. నా సంచిలో మా చెల్లెలి పెళ్లికార్డులు నాలుగైదు మిగిలి ఉన్నాయి. ఒకటి తీసి కోశాను, బిగించాను. వారం తర్వాత డాక్టరు గారు వచ్చి చుక్క కారడం లేదని చెప్పారు. మేస్త్రి గారు మెచ్చుకోలేదు.

మూడు వారాలకి అదే బండి హెడ్డు దగ్గర తడిగా ఉందని వచ్చింది. ఆ పని సత్తిబాబు చేశాడు. హెడ్డుకి ఆయిల్ తీసుకెళ్లే పైపు ఊడదీసి, శుభ్రం చేసి బిగించాడు.

అది జరిగిన నాలుగో రోజు, రాయవరంలో ఉన్న వాళ్లమ్మగారికి బాగోలేదని డాక్టరు గారికి కబురొచ్చింది. మిట్టమధ్యాహ్నం ఎండలో, ఎన్నడూ లేనంత వేగంగా వెళ్లారు. రావులపాలెం దాటి జొన్నాడ వంతెన సగానికి వచ్చేసరికి ఇంజను జామ్ అయిపోయింది. ఆయన ప్యాంటంతా ఆయిల్. వంతెన మీద లారీ ఆపుకుని మండపేట దాకా వెళ్లి, అక్కడి నుంచి ఇంకేదో ఎక్కి చేరేసరికి ఆవిడ పోయి అరగంట అయింది. చివర్లో "అబ్బాయి బండి చప్పుడు వినబడుతోందా?" అని అడిగారట.

దినవారాలయ్యాక బండిని వ్యానులో వేసుకుని షాపుకి తెచ్చారు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఎవరి చెయ్యి పడింది మేస్త్రీ దీని మీద?" అన్నారు.

"విప్పి చూద్దావండి. చూడకుండా ఎవర్ననగలం?" అన్నారు మేస్త్రి గారు.

సత్తిబాబు హెడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎవరూ అడక్కుండానే నేను ముందుకొచ్చాను.

"ఆఖర్న చేసింది సత్తిబాబండి. పైపు దగ్గర రాగి వాషర్లు వెయ్యడం మరిచిపోయేడేమో. ఆయిలంతా అక్కణ్ణించి పోయుంటదండి. మీ ప్యాంటంతా అయ్యింది చూడండి."

నేను చూసింది కాదు. తోచింది. తోచినప్పుడు లోపల కొంచెం హాయిగా అనిపించింది. అది కూడా రాయాలి.

"ఏవిరా?" అన్నారు మేస్త్రి గారు సత్తిబాబుతో.

అతను చేతి గుడ్డతో వేళ్లు తుడుచుకోసాగాడు. డాక్టరు గారు అతని వైపు ఒక్కసారి చూసి, "ఇంకేం విప్పుతావు మేస్త్రీ, వద్దులే," అని బండిని మళ్లీ వ్యాను ఎక్కించుకుని వెళ్లిపోయారు.

మేస్త్రి గారు సత్తిబాబుని పనిలోంచి తీసెయ్యలేదు. ఊరే తీసేసింది. "సత్తిబాబు చెయ్యి వద్దండి, ఇంకెవరికన్నా ఇవ్వండి," అనేవారు వచ్చినవాళ్లు. తల్లి ఆఖరి చూపు దక్కకుండా చేసినవాడని పేరు పడింది. హెడ్డు పనులు నాకు రావడం మొదలైంది. మూడు నెలలు చూసి అతను మానేశాడు. ముస్కట్ వెళ్లాడని, అక్కడ గ్యారేజీలో బండ్లు కడుగుతున్నాడని విన్నాను. పానా పట్టమంటే పట్టనన్నాడట. తిరిగొచ్చి ముక్తేశ్వరంలో కొబ్బరికాయల వలుపుకి వెళ్తున్నాడనీ విన్నాను. ఒక్కసారీ వెళ్లి చూడలేదు.

నా షాపు

తర్వాత నేను సొంతంగా షాపు పెట్టుకున్నాను. ఆ ఏళ్ల గురించి రాయడానికి పెద్దగా లేదు. ఒక్క బండి సంగతి పనికొస్తుంది.

తాటిపాకలో చమురు పనుల్లో ఉన్న ఒకాయన బండి. ముగ్గురు మెకానిక్కులు మూడు చోట్ల సందులు మూసే పేస్టు పూసి వదిలేశారు. ఒకచోట ఆపితే ఇంకోచోట కారుతోంది. నేను పానా పట్టకముందు, ఇంజను లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు ఊదాను. గాలి వెళ్లలేదు. కందిరీగ దాంట్లో మట్టిగూడు కట్టింది. లోపలి ఒత్తిడి పోయే దారి లేక ఆయిల్ దొరికిన ప్రతి సందులోంచీ తన్నుకొస్తోంది. గూడు తీసేశాక అన్నీ వాటంతటవే ఆగాయి. ఆయన మాత్రం ఊరంతా అంతకుముందు చేసిన మెకానిక్కు పేస్టు గొప్పదని చెప్పుకున్నాడు.

కొత్తవాళ్లు రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. పేస్టు ఎక్కువ పూయకండి. బయటికి వచ్చిందాన్ని మీరు తుడుస్తారు, లోపలికి వెళ్లింది ఏ కన్నంలో కూర్చుంటుందో మీకు తెలీదు. కారడం ఆగింది కదా అని పని బాగా చేశామనుకోకండి. ఈ రెండూ నాకు తెలుసు. తెలిసి కూడా డాక్టరు గారి బండి నాకు ఎన్నడూ గుర్తు రాలేదు.

విప్పిన రోజు

షాపు మూసేసి ఇంటిపట్టున ఉంటున్న రోజుల్లో, ఈ ఏడాది మొదట్లో, డాక్టరు వీర్రాజు గారు మా ఇంటికి వచ్చారు. డెబ్బై అయిదు దాటాయి. కర్ర పట్టుకుని నడుస్తున్నారు. బండి ఇన్నేళ్లూ కొబ్బరితోటలో షెడ్డులోనే ఉందట.

"బాగు చేయించాలయ్యా సుబ్బారావూ," అన్నారు. నా పేరు ఆయన నోట వినడం అదే మొదలు. "నేను నడపలేను. మా తమ్ముడి కొడుకు నడుపుతాడు, వెనక కూర్చుంటాను. ఆ వేళ వంతెన మీద ఆగిపోయిన ప్రయాణం ఒక్కసారి రాయవరం దాకా పూర్తి చేసెయ్యాలి. తర్వాత దాన్ని ఏం చేసినా పర్లేదు."

"చేద్దావండి."

"ఒక్కటే మాట. ఆ సత్తిబాబు చెయ్యి పడ్డ ముక్క ఒక్కటి కూడా దాంట్లో ఉండకూడదు. పైపుతో సహా మార్చెయ్. నీ దగ్గరకే ఎందుకొచ్చేనో తెలుసా? ఆ వేళ నిజం చెప్పినవాడివి నువ్వొక్కడివే."

నాకు సంతోషం వేసింది. చాలా ఏళ్ల తర్వాత ఎవరో నా విలువ తెలుసుకున్నారనిపించింది.

బండి వచ్చింది. ఒక మధ్యాహ్నం పెరట్లో పీట వేసుకుని మొదలుపెట్టాను. ముందు హెడ్డు పైపు విప్పాను, ఆయన మాట చెల్లించాలని. బోల్టు వచ్చింది. దాని కింద రాగి వాషరు ఉంది. పైపుకి అవతల పక్కన రెండోది ఉంది. రెండూ అప్పుడు కొత్తవి వేసినవే, అంచులు సమంగా అణిగాయి. పైపు ఊదితే గాలి శుభ్రంగా వెళ్లింది.

అక్కడే ఆగిపోయి ఉండవచ్చు. ఆగలేదు. టైమింగ్ కవరు విప్పాను.

ప్యాకింగు కవరుకి అతుక్కుని వచ్చింది. నూనె తాగి గోధుమరంగుకి మారినా, ఎర్ర అక్షరాలు కనబడుతున్నాయి. మా చెల్లెలి పేరులో సగం, మా నాన్న పేరు మొత్తం ఉన్నాయి. బోల్టు కన్నాలన్నీ సరిగ్గా ఉన్నాయి. పంపు నుంచి లోపలి బేరింగుకి ఆయిల్ వెళ్లే సన్న కన్నం దగ్గర మాత్రం అట్ట సగానికి అడ్డుపడి ఉంది. మిగిలిన సగంలో, ప్యాకింగు అతకడానికి నేను ఎక్కువగా రాసిన షెలాక్ జిగురు గడ్డకట్టింది. ఆ అడ్డుపడిన చోట వినాయకుడి బొమ్మ ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ వేళ ఆ కార్డు డబ్బాలోది కాదు కనుక బొమ్మ చింపి లేదు. కన్నం సరిగ్గా బొమ్మ మీద పడింది. మేకు ఆనించాను. చెల్లెలి పెళ్లికార్డు మీది దేవుడి పొట్టలో గుచ్చడానికి చెయ్యి రాలేదు. ఇంకో అట్టకి డబ్బా దగ్గరకి వెళ్లాలంటే మేస్త్రి గారి ముందు నుంచి వెళ్లాలి. మేకుని పక్కకి జరిపి గుచ్చాను. కొంచెమే కదా, ఆయిల్ దారి చేసుకుంటుందిలే అనుకున్నాను.

మెల్లగా తిరిగినన్నాళ్లూ ఆ కొంచెంతోనే సరిపెట్టుకుంది. ఎండలో వేగంగా వెళ్లిన రోజున బేరింగు ఎండిపోయి కాలింది. లోపల అంతా వేడెక్కి బ్రీదర్‌లోంచి చిమ్మిన ఆయిలే డాక్టరు గారి ప్యాంటు మీద పడింది.

పొయ్యి పక్కనే ఉంది. కాగితం ముక్క. వేసేస్తే ఎవరికీ తెలీదు. డాక్టరు గారు రాయవరం వెళ్లొస్తారు, నన్ను మెచ్చుకుంటారు. చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. మేస్త్రి గారు ఆ వేళ ఆ మాట అనకుండా ఉంటే ఇదేమీ జరిగేది కాదని కూడా అనుకున్నాను. అలా అనుకోవడం తప్పే. ఇప్పటికీ అనుకుంటాను.

మర్నాడు కొత్తపేట వెళ్లి డాక్టరు గారి ముందు ఆ ప్యాకింగు పెట్టి, జరిగింది చెప్పాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని దాన్ని చూశారు. చూస్తూనే ఉన్నారు.

"ఇన్నేళ్లూ వాణ్ని తిట్టని రోజు లేదయ్యా," అన్నారు చివరికి. "మా అమ్మ తద్దినం నాడు కూడా తిట్టేను."

"తప్పయిపోయిందండి."

"నీ చేతి ఇంజను నేను ఎక్కను. అతను బిగిస్తే ఎక్కుతాను. ఆ మాట నువ్వే వెళ్లి చెప్పు. నేను రమ్మన్నానని చెప్పు."

ముక్తేశ్వరం

సత్తిబాబు ఒక కొబ్బరి రాశి పక్కన, నేలలో పాతిన గునపం ముందు నిలబడి కాయలు వలుస్తున్నాడు. నన్ను చూసి వెంటనే గుర్తుపట్టాడు.

"సుబ్బూ! ఏరా, ఇలాగొచ్చేవ్? జుట్టంతా ఎక్కడ పారేసుకున్నావురా?"

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కవరులోంచి ప్యాకింగు తీసి అతని చేతిలో పెట్టాను. ఏ బండిదో చెప్పాను.

దాన్ని ఎండకి ఎత్తి చూశాడు. వేలితో అంచంతా తడిమాడు.

"కన్నం సగమే ఉంది కదరా."

"ఆ."

"షెలాక్ కూడా ఎక్కువ రాసేవు."

"ఆ."

"మరి నా వాషర్లు?"

"వేసేవు. రెండూ వేసేవు. పైపు కూడా శుభ్రంగా ఉంది. నేను విప్పి చూసేను."

"రెండూ ఉన్నాయా?"

"రెండూ ఉన్నాయిరా."

అతను పీచు కుప్ప మీద కూర్చున్నాడు. కొంతసేపు తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు.

"వేసినట్టే గుర్తురా నాకు. కానీ నువ్వు అలాగన్నాక ఏమో అనిపించింది. అన్నది నువ్వు కదా, పక్కనే పనిచేసేవోడివి, ఊరికే అనవు కదా అనుకున్నాను. ముస్కట్లో పడుకుని కళ్లు మూసుకుని మళ్లీ మళ్లీ బిగించేవోణ్ని. ఒకసారి వేసినట్టుండేది, ఒకసారి వెయ్యనట్టుండేది. తేలేది కాదు." ఆగాడు. "మా ఆవిడ నాగమణి పోయి రెండేళ్లయింది. ఆఖర్న మంచం మీద ఉండి అడిగింది, 'నాకైనా నిజం చెప్పు బావా, వేసేవా లేదా?' అని. ఏం చెప్పను? తెలీదే అన్నాను. అటు తిరిగి పడుకుంది."

నేను డాక్టరు గారి మాట చెప్పాను. బండి అతను బిగిస్తేనే ఎక్కుతానన్నారని, రాయవరం వెళ్లాలనుకుంటున్నారని చెప్పాను. నా బండి మీదే తీసుకెళ్తానన్నాను.

"నా చెయ్యి ఇప్పుడు దీనికి అలవాటు పడిపోయిందిరా," అని గునపం చూపించాడు. "పానా పడితే బోల్టు ఎంత బిగిసిందో నాకు తెలీదు. పెద్దాయన్ని మళ్లీ ఏ వంతెన మీదో ఆపేస్తాను. నేను రానన్నానని చెప్పు. కోపం లేదని కూడా చెప్పు."

"నా మీద?"

అతను లేచి ప్యాకింగు నాకు తిరిగిచ్చి, ఒక కాయ తీసుకున్నాడు. నేను బండి దాకా నడిచాక వెనక నుంచి పిలిచాడు.

"సుబ్బూ, ఆ వేళ మేస్త్రి గారు విప్పి చూద్దావన్నారు కదా?"

"అన్నారు."

"నువ్వు నా పేరు చెప్పకుండా ఉంటే విప్పేవోరే కదా?"

"విప్పేవారు."

తల ఊపాడు. కాయని గునపం మీద గుచ్చి ఒక పక్కకి వంచాడు.

సత్తిబాబు మాట డాక్టరు గారికి చేరవేశాను. ఆయన ఇంజను ఇప్పటికీ మా పెరట్లో ట్రేలలో ముక్కలుగానే ఉంది. ఆయన నన్ను బిగించమనరు. బిగించనా అని నేను అడగలేదు.